ఇరవై ఏడు చేతులు

మునివెంకటప్ప ఎడమచేతి చూపుడువేలికి కొస లేదు. ఆ కొసని తిన్నది పనసకాయ. ఆరేళ్ళ వయసులో అక్క కత్తిపీట మీద పనసకాయ కోస్తూ ఉంటే, తొన బయటికి వచ్చేదాకా ఆగలేక చెయ్యి పెట్టాడు. అంతే. ఆ రోజు నుంచి, కదిలేది ఏదైనా సరే, దాని దగ్గరికి చెయ్యి పోనిచ్చే ముందు అది నిజంగా ఆగిందా లేదా అని మూడుసార్లు చూసుకోవడం ఆయనకి అలవాటైపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు మోటర్లతో, బెల్టులతో, బాయిలర్లతో కాపరం చేసినా ఒంటి మీద ఇంకొక గీత పడలేదు. అలాంటి మనిషి ఫోటోని ఆరడుగుల బోర్డుకి ఎక్కించి, కింద ఎర్రటి కన్నడ అక్షరాలతో "యంత్రంలో చెయ్యి పెడితే ఇదే గతి" అని రాయించి, చింతామణి రోడ్డు పక్కన సాస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టారు.

నిలబెట్టినవాడు నందీశ్. వయసు ఇరవై నాలుగు. చిక్కబళ్ళాపురంలో డిప్లొమా చదివి, తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. అతని తప్పు కూడా పూర్తిగా అతనిది కాదు. బెంగళూరులోని ఒక పెద్ద దుకాణాల కంపెనీ వాళ్ళు, సాస్ కొనే ముందు ఫ్యాక్టరీ చూస్తామని ఒక పొడుగాటి కాగితం పంపారు. అందులో ఒక గడి: "గతంలో జరిగిన ప్రమాదం, దాని నుంచి నేర్చుకున్న పాఠం, బోర్డు రూపంలో." నందీశ్ పాత ఫైళ్ళన్నీ తిరగేశాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. అందుకు కారణం ఆ తొమ్మిదేళ్ళూ అక్కడి మిషన్లు చూసుకున్న మునివెంకటప్ప. కానీ జరగనిదాన్ని రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. లోకంలో ఎక్కడా లేదు.

అందుకని నందీశ్ దెబ్బ తగిలినవాడి కోసం ఫోను పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. ఒకామెకి మోకాలి చిప్ప వాచింది, కానీ అది ఫోటోలో కనపడదు. చివరికి స్పానరు పట్టుకున్న ఎడమచెయ్యి ఒకటి కనపడింది.

"అప్పా, నీది ఒక ఫోటో కావల్ల."

"నాదా? ఎందుకు సారూ?"

"బోర్డులో వేసేదానికి."

మునివెంకటప్ప స్పానరు కింద పెట్టాడు. తొమ్మిదేళ్ళ సర్వీసు. బోర్డులో ఫోటో. ఉత్తమ కార్మికుడు అన్న మాట ఆయన నోటితో అనలేదు గాని, చెవులు ఎర్రబడ్డాయి. "ఈ అవతారంతో వద్దు, రేపు తీసుకోండి సారూ" అన్నాడు.

మర్నాడు క్షవరం చేయించుకుని, మీసానికి రంగు వేసుకుని, బామ్మర్ది గృహప్రవేశానికి కుట్టించుకున్న మీగడరంగు చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఎడమచెయ్యి కొంచెం ఎత్తప్పా" అన్నాడు నందీశ్.

"దీవించినట్లనా?"

"ఆ, అట్లే."

ఓట్లు గెలిచినవాడిలాగా చెయ్యెత్తి, పళ్ళు ముప్పై రెండూ కనపడేట్టు నవ్వాడు మునివెంకటప్ప. ఆ నవ్వే బోర్డుకి ఎక్కింది. వేలు పోయినందుకు అంత సంతోషపడే మనిషిని తనిఖీకి వచ్చినవాళ్ళు ఎక్కడా చూసి ఉండరు. ఆ గడికి నిండా మార్కులు వేసి, గేటు దగ్గర బోర్డుతో సెల్ఫీ కూడా తీసుకుని పోయారు.

ఇక ఆ దారిన పోయే బస్సులన్నిటికీ కిటికీ బయట మునివెంకటప్పే. నెల తిరక్కముందే కండక్టర్లు ఆ స్టాపుకి "వేలప్ప గేటు" అని పేరు పెట్టేశారు. "వేలప్ప గేటులో దిగేవాళ్ళు ఎవరప్పా?" అని అరిస్తే లేచి దిగాల్సినవాడు కూడా ఆయనే.

"నా వేలు పనసకాయకి పోయినాదప్పా, మిషన్‌కి కాదు" అని మొదట్లో బస్సులో అందరికీ చెప్పేవాడు.

"పనసకాయ కరిచినాదా?" అనేవాళ్ళు. బస్సు బస్సంతా నవ్వేది.

ఆ నవ్వుని ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మండికల్ పక్కన ఆయన పల్లె. ఆదివారం వచ్చిందంటే చుట్టూ ఐదారు ఊళ్ళలో బోరు మోటర్ల స్టార్టరు పెట్టెలు విప్పేది ఆయనే. కూలి తీసుకోడు. ఒక పూట సంగటి, ఊరిబిండి, పోయేటప్పుడు ఒక టెంకాయ. అంతే. కానీ ఆయన స్టార్టరు మూత విప్పుతుంటే రైతులు చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. వారంలో ఆరు రోజులు "ఒరే ముని" అనిపించుకున్న మనిషికి ఏడో రోజున దొరికే మర్యాద అది. బోర్డు పెట్టిన తర్వాత మొదటి ఆదివారం రామకృష్ణప్ప అనే రైతు ఇంటి గడప దాకా పోయినవాడిని వెనక్కి పంపించాడు. "వద్దులేప్పా. నీకు మిగిలిండే వేళ్ళన్నా నీకుండనీ. బాగేపల్లి నుంచి ఒకడు వస్తాండాడు" అన్నాడు. తర్వాత మూడు ఆదివారాలు సామాను సంచి గోడ మేకుకి వేలాడింది. నాలుగోది రాకముందే మునివెంకటప్ప నందీశ్ గదికి వచ్చాడు.

"సారూ, ఆ బోర్డు తీసేయండి."

"ఆడిట్టోళ్ళు మళ్ళీ వస్తారప్పా. ఒక ఆరు నెలలు ఓర్చుకో."

"ఆరు నెలల్లో ఇరవై ఆరు ఆదివారాలుండాయి సారూ" అన్నాడు మునివెంకటప్ప. వెనక్కి తిరిగి పోయాడు. తిట్టి ఉంటే నందీశ్‌కి సుఖంగా ఉండేది. తిట్టినవాడితో గొడవ పడొచ్చు, లెక్క సరిపోతుంది. లెక్క చెప్పి పోయినవాడిని ఏం చేయాలి?

మునివెంకటప్ప యజమాని కోదండరామ సెట్టి దగ్గరికి పోతే ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ఏమప్పా, బోర్డులో ఫోటో పడాలంటే ఎలక్షన్లో నిలబడేవాళ్ళు దుడ్లిచ్చి వేయించుకుంటారు, నీకు ఊరికే వేయించినాము" అని పొట్ట కదిలేట్టు నవ్వాడు.

ఆరు నెలలు దాటినా బోర్డు దిగలేదు. అలా ఉండగా దసరాకి మూడు వారాల ముందు లేబుల్ మిషన్ వచ్చింది.

అప్పటిదాకా సాస్ సీసాలకి లేబుళ్ళు అతికించింది హనుమక్క, ఆమెతో ఉండే ఐదుగురు ఆడవాళ్ళు. హనుమక్క సీసా కడుపుని ఒక్కసారి నిమిరిందంటే లేబుల్ ముడత లేకుండా కూర్చునేది. కొత్త మిషన్ నిమిషానికి అరవై సీసాలు నిమురుతుందట. బెల్టు మీద సీసా నడుచుకుంటూ వస్తుంది. ఒక చిన్న కన్ను దాన్ని చూస్తుంది. పైనున్న చుట్ట నుంచి లేబుల్ జారి, రేకు అంచు మీద కాగితం నుంచి విడివడి సీసాకి అంటుకుంటుంది. వెంటనే గాలితో పనిచేసే ఒక మెత్త ముందుకొచ్చి దాన్ని గట్టిగా అదుముతుంది. దీనంతటికీ ముందు ఒక అద్దంలాంటి ప్లాస్టిక్ తలుపు. తలుపు తెరిస్తే మిషన్ ఆగిపోవాలి.

"ఇది సీసాని అదుముతాదా, మొగుడు పెండ్లాన్ని అదిమినట్ల?" అని హనుమక్క అడిగితే నందీశ్ హెల్మెట్ లోపలే సిగ్గుపడ్డాడు.

మిషన్ని నిలబెట్టడానికి పుణె నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. అతనికి హిందీ, మరాఠీ. వీళ్ళకి తెలుగు, కన్నడ. మధ్యలో నందీశ్ ఇంగ్లీషు. సెట్టి ముందే ఉత్తర్వు వేశాడు: "మునివెంకటప్ప ఆ పక్కకి రాకూడదు. బోర్డు మీద ఉండే మనిషే కొత్త మిషన్ కాడ కనపడితే కొనేవాళ్ళు ఏమనుకుంటారు?"

మొదటి రోజంతా మిషన్ కొత్తగా పుట్టిన మేకపిల్లలాగా ఊగింది. ఇంజినీరు కాళ్ళ కింద అట్టముక్కలు మడిచి పెట్టాడు. లేబుళ్ళు తాగినవాడి బొట్టులాగా ఒక పక్కకి పడ్డాయి. రెండో రోజు కూడా అదే బొట్టు. హనుమక్క చూసి చూసి, "ఆ బోర్డాయప్పని పిలిస్తే అయిపోతాది కదప్పా! సావుకారు మధ్యాన్నం కునుకు తీస్తాండాడు, ఎవరు చూస్తారు?" అంది.

మునివెంకటప్ప వచ్చాడు. అట్టముక్కలన్నీ పీకేశాడు. లోటా నిండా అంచుదాకా నీళ్ళు పోసి మిషన్ నడుమ పెట్టి, వంగి, నీళ్ళ అంచుని చూస్తూ నాలుగు కాళ్ళ మరలూ ఒక్కొక్కటే తిప్పాడు. నీళ్ళు నాలుగు పక్కలా సమానంగా నిలిచాక లేచి చేతులు దులుపుకున్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎర్త్ వైరు యాడికి పోతాండాది? గాలి యాడ కట్టేది? మెయిన్ స్విచ్చికి బీగం ఉండాదా?

ఇంజినీరు కరెంటు తీసేసి "బస్, బంద్" అన్నాడు. మునివెంకటప్ప తల అడ్డంగా ఊపి, పొడుగాటి స్క్రూడ్రైవరుతో లోపల ఒక మీట నొక్కాడు. కరెంటు లేని మిషన్లో మెత్త టపుక్కున ముందుకు దూకింది. ఇంజినీరు రెండడుగులు వెనక్కి దూకాడు.

"పాము తల చితికినా తోక కొట్టుకుంటాంటాది. కరెంటు పోతే చాలదు, గాలి కూడా పోవల్ల" అని మునివెంకటప్ప కొళాయి కట్టేసి, పైపులో మిగిలిన గాలిని బుస్సుమని వదిలేశాడు.

మాటలు అర్థం కాకపోయినా ఇంజినీరుకి మనిషి అర్థమయ్యాడు. సంచిలోంచి ఒక ఎర్రటి బీగం తీసి, దాని రెండు తాళంచెవులూ ఆయన చేతిలోనే పెట్టాడు. మిషన్లో చెయ్యి పెట్టేవాడు మెయిన్ స్విచ్చికి బీగం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకోవాలి. చెవి ఇంకొకడి చేతికి పోకూడదు. అదీ పద్ధతి. మునివెంకటప్ప గోడ వైపు తిరిగి, చొక్కా ఎత్తి, రెండు చెవుల్నీ మొలతాడుకి ముడి వేశాడు.

"అదేందప్పా, ఆడ?" అన్నాడు నందీశ్.

"జేబైతే చొక్కాతో పోతాది సారూ. దారమైతే మెడ నుంచి తీసి మేకుకి తగిలిస్తాము. మొలతాడుని ఎవరూ మరిచిపోయి రారు. నన్ను అడక్కుండా దాన్ని తీసుకోనూ లేరు."

ఇంజినీరు వివరం అడిగి, పగలబడి నవ్వి, "మొలతాడు, మొలతాడు" అని వల్లె వేసుకుంటూ పుణె పోయాడు. తన రిపోర్టులో దాన్ని ఏ భాషలో రాశాడో తెలీదు.

ఇంకొక పద్ధతి మునివెంకటప్ప సొంతంగా పెట్టాడు. మిషన్ మొదలుపెట్టే ముందు అక్కడున్న అందరూ రెండు చేతులూ పైకెత్తాలి. ఆయన లెక్కపెట్టాలి. అప్పుడే బీగం తీస్తాడు.

"ఏమప్పా, పోలీసోళ్ళు పట్టుకున్నట్ల!" అని హనుమక్క గొణిగింది.

"మనిషి మాట నమ్మొచ్చక్కా, చెయ్యిని నమ్మకూడదు. మనిషి ఈడ మాట్లాడతాంటాడు, అది ఆడ పోయి పని చేస్తాంటాది."

మిషన్ కుదిరింది. లేబుళ్ళు గీత గీసినట్టు పడ్డాయి. కాగితాల్లో మాత్రం "అమర్చినవారు" అన్నచోట నందీశ్ తన పేరు రాసుకున్నాడు. సెట్టి అలాగే రాయమన్నాడు. రాసిన తర్వాత నందీశ్ ఆ కాగితాన్ని ఫైల్లో అన్నిటికంటే కింద పెట్టాడు.

ఆయుధ పూజ రోజు వచ్చింది. మిషన్‌కి ముహూర్తం కూడా అదే రోజు. ముందువైపు రెండు అరటి పిలకలు, పైన బంతిపూల మాల, మెయిన్ స్విచ్చికి మూడు అడ్డనామాల విభూది. సెట్టి తల్లి వాసవాంబకి ఎనభై రెండేళ్ళు. పచ్చబటన్ నొక్కేది ఆమె. కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. ఆమె మిషన్ని పైనుంచి కిందికి చూసి, "ఇదేందిరా, ముఖం మూసిపెట్టినారు?" అంది.

"అది తలుపవ్వా. మూస్తేనే తిరుగుతాది" అన్నాడు నందీశ్.

"ముఖం మూసిపెట్టి పూజ చేస్తే ఎవరికి చేసినట్ల? తెరిచి తిరిగేట్ల చెయ్యి. అంత చదివినావు."

నందీశ్ సెట్టి వైపు చూశాడు. సెట్టి అయ్యవారి వైపు చూశాడు. అయ్యవారు గడియారం వైపు చూశారు. సేఫ్టీ ఆఫీసరు నందీశ్, తలుపు తెరిచి, తెరిచినా మూసినట్టే మిషన్ నమ్మేలాగా, ఆ తలుపు స్విచ్చిని పూజ పళ్ళెంలోని పసుపు దారంతో ఏడు చుట్లు చుట్టి కట్టేశాడు. దారం మీద కుంకుమ కూడా పెట్టాడు.

వాసవాంబకి ఇంకొకటి గుర్తొచ్చింది. "కొత్త బండికి చక్రం కింద నిమ్మకాయ పెడతాము కదా. దీనికి పెట్టినారా?"

"దీనికి చక్రాలు లేవవ్వా."

"లోపల గుండ్రంగా తిరుగుతాండేది ఏంది మరి, దోసెనా?"

దాంతో నందీశ్ ఒక నిమ్మకాయ తీసుకుని లోపలి రోలరు కింద పెట్టాడు. మంత్రాలు మొదలయ్యాయి. అందరూ కళ్ళు మూసుకున్నారు. మునివెంకటప్పని వెనక గోడ దగ్గర నిలబెట్టారు, ఫోటోల్లో పడకుండా. ఆయన కళ్ళు మూసుకోలేదు.

మంత్రాల మధ్యలో నిమ్మకాయ కదిలింది. నందీశ్ చూస్తూనే ఉన్నాడు. అది రోలరు కింద నుంచి మెల్లగా దొర్లి, రేకు పక్కనుంచి పోయి, మెత్త ముందర ఇరుక్కుంది. అక్కడే ఉంటే మొదటి సీసాకి బదులు నిమ్మకాయకి లేబుల్ పడుతుంది, అదీ సెట్టి వీడియో తీస్తుండగా. ఎవరూ చూడటం లేదు కదా అని నందీశ్ చెయ్యి లోపలికి పెట్టాడు. నిమ్మకాయ వేళ్ళకి తగిలింది. ఇంకొంచెం జరిపాడు. చేతి గడియారం గొలుసు మెత్త వెనకాల స్ప్రింగుకి తగులుకుంది. లాగాడు. రాలేదు. రెండో పక్క లేబుళ్ళు జిగురు వైపు నుంచి అరచేతికి ఒకటి, మణికట్టుకి రెండు అంటుకున్నాయి.

ఒక్క మాట నోరు విప్పి చెప్పి ఉంటే అయిపోయేది. కానీ పక్కనే సెట్టి ఫోను పట్టుకున్నాడు. తెల్ల హెల్మెట్‌కి బొట్టు పెట్టి ఉంది. గేటు దగ్గర ఆరడుగుల బోర్డుంది. నందీశ్ నోరు విప్పలేదు. మిషన్‌కి ఒరిగి భక్తితో నిలబడ్డట్టు నిలబడి, లోపల చెయ్యిని మెలితిప్పుతూ ఉన్నాడు.

"నొక్కమ్మా" అన్నారు అయ్యవారు.

ఆ మాట విన్నాక నందీశ్ గొంతులోంచి అరుపు రావాలనుకుంది. వచ్చేలోపలే వాసవాంబ బటన్ నొక్కేసింది.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కింది. తలుపు తట్టినట్టు మూడోసారి టకటకా నొక్కింది. మిషన్ మీద ఒక్క దీపం వెలగలేదు. అపశకునం అని ఎవరో వెనకాల నుంచి గొణిగారు. "రాహుకాలానికి పది నిమిషాలే ఉండాది" అన్నారు అయ్యవారు.

"కరెంటు తీసింది ఎవడ్రా?" అని సెట్టి అరిచాడు.

"నేనే సావుకారూ" అన్నాడు గోడ దగ్గర నుంచి మునివెంకటప్ప. ఆయన పక్కనే గోడ మీదున్న మెయిన్ స్విచ్చికి ఎర్రటి బీగం వేలాడుతోంది. మంత్రాల్లో ఏ మంత్రానికి వేశాడో ఎవరూ చూడలేదు.

"తీయి బీగం!"

"తీయను. తలుపు తెరిచుండాది. రెండు చేతులూ ఎత్తండి."

"నేనా?"

"అందరూ సావుకారూ. లెక్క కుదిరితే తీస్తాను."

రాహుకాలం తరుముకొస్తుంటే మనిషి ఏదైనా చేస్తాడు. సెట్టి ఫోనుతో సహా చేతులెత్తాడు. అయ్యవారు ఒక చేత గంట, ఒక చేత హారతి పళ్ళెం ఎత్తారు. హనుమక్క, ఆడవాళ్ళు అలవాటుగా ఎత్తారు. వాసవాంబ కుర్చీలోంచే ఎత్తి, "ఇది కూడా పూజలోదేనా?" అని అడిగింది. మునివెంకటప్ప తనవీ ఎత్తి, పెదాలు కదుపుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి లెక్కపెట్టాడు. మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరికి లెక్కపెట్టాడు.

"మనుషులు పద్నాలుగు. చేతులు ఇరవై ఏడు."

"నీకు లెక్క రాదు!" అన్నాడు సెట్టి.

"పోయిన వేలిని లెక్క వేసినాడేమో" అని ఒకరు నవ్వబోయి ఆగిపోయారు.

అందరూ పైనున్న తమ చేతుల్ని తామే చూసుకున్నారు, పారిపోయినదేమో అన్నట్టు. అప్పుడు హనుమక్క అరిచింది: "అయ్యో, ఆ ఆఫీసరప్పని చూడండే! ఒంటిచేత్తో దండం పెడతాండాడు!"

నందీశ్ కుడిచెయ్యి గాలిలో ఉంది. ముఖం మీద నవ్వు ఉంది. ఆ నవ్వు గేటు దగ్గరున్న నవ్వు కంటే చాలా చిన్నది.

"ఎడమది యాడ సారూ?" అన్నాడు మునివెంకటప్ప.

"లోపల... నిమ్మకాయ..."

వాసవాంబ పచ్చబటన్ మీద పెట్టిన వేలిని తీసి, చూసుకుని, చీర కొంగుకి తుడుచుకుంది. "నేను నొక్కినాను కదరా" అంది. "మూడుసార్లు నొక్కినాను కదరా."

మునివెంకటప్ప గాలి కొళాయి కట్టేశాడు. పైపు విప్పి బుస్సుమనిపించాడు. మెత్తని చేత్తో వెనక్కి నెట్టి, గొలుసు కొక్కెం విప్పి, పూజ దీపంలోని నూనెని రెండు చెంచాలు మణికట్టు మీద పోశాడు. "గుంజద్దండి. పసిబిడ్డని తీసినట్ల తీయల్ల" అన్నాడు. చెయ్యి బయటికొచ్చింది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. అరచేతి మీద మాత్రం ఒక లేబుల్ గీత గీసినట్టు తిన్నగా అంటుకుని ఉంది. హనుమక్క దాన్ని గట్టిగా చదివింది: "చల్లని పొడి ప్రదేశంలో ఉంచండి. తెరిచిన తర్వాత నెల రోజుల్లోపు వాడండి."

ముందు నవ్వింది వాసవాంబ. నవ్వుతూనే ఏడ్చింది.

మునివెంకటప్ప నిమ్మకాయ తీసి పళ్ళెంలో పెట్టాడు. పసుపు దారం ఏడు చుట్లూ విప్పాడు. తలుపు మూశాడు. మళ్ళీ చేతులెత్తించాడు. ఇరవై ఎనిమిది. అప్పుడు ఆడవాళ్ళని అటు తిరగమని, బెల్టు వదులు చేసి, మొలతాడు దగ్గరున్న చెవితో బీగం తీయడానికి ప్యాంటు పట్టుకుని స్విచ్చి దాకా మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు. రాహుకాలం వచ్చేసి ఐదు నిమిషాలైంది. అయ్యవారు గొంతు సవరించుకుని, "హిందూపురం పంచాంగం ప్రకారమైతే ఇంకా ఇరవై నిమిషాలుండాది" అన్నారు. మిషన్ తిరిగింది.

మర్నాడు పొద్దున వాసవాంబ మాట మీద బోర్డు దిగింది. నిచ్చెన ఎక్కి విప్పింది నందీశే. కింద నిచ్చెన పట్టుకున్నది మునివెంకటప్ప. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. నిచ్చెన మీద నుంచే క్షమించమని అడగాలని నందీశ్ నోరు తెరిచాడు. "మాట్లాడద్దండి సారూ, మూడో మెట్టు వదులుగా ఉండాది" అన్నాడు మునివెంకటప్ప.

కథ అక్కడితో సుఖంగా అయిపోయి ఉండాలి. కానీ తొమ్మిది నెలలు రోజూ కనపడిన ముఖం కనపడకపోతే బస్సుల్లో జనం ఏమనుకుంటారు? పోయినాడు అనుకున్నారు. "పాపం, ఈసారి మిషన్ మొత్తంగానే లాక్కున్నాదంట" అని ఒక కండక్టరు బాగేపల్లి దాకా మోశాడు. మూడో రోజు పొద్దున బాగేపల్లి నుంచి ఆయన మేనత్త కొడుకులు టెంపోలో గులాబీ దండతో దిగి, వీధి మొదట్లోనే గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు. మునివెంకటప్ప పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి, "ఎవరప్పా పోయినారు?" అని అడిగాడు. ఇంత దూరం తెచ్చిన దండని వెనక్కి తీసుకుపోవడం మంచిది కాదని ఆయన మెడలోనే వేసి, సంగటి తిని పోయారు.

ఆ బస్సుల్లోనే హనుమక్క కూడా పోతూ వస్తూ ఉండేది. చచ్చిపోయిన కథకి ఆమె ఇరవై ఏడు చేతుల కథతో జవాబు చెప్పింది. రోజుకి రెండుసార్లు, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ప్రతిసారీ నందీశ్ ఏడుపు కొంచెం పెరిగింది, అయ్యవారి గంట కొంచెం పెద్దదైంది. దీపావళి నాటికి మునివెంకటప్ప ఇంటి ముందు ఆదివారం పొద్దున రెండు మోటర్‌సైకిళ్ళు, ఒక ట్రాక్టరు నిలబడ్డాయి. ఏ ఊరి స్టార్టరు ముందు విప్పాలన్నదాని మీద రెండు ఊళ్ళు మాటా మాటా అనుకున్నాయి కూడా. బాగేపల్లి నుంచి వచ్చేవాడు మళ్ళీ రాలేదు. ఇప్పుడు మునివెంకటప్ప ఏ బోరు దగ్గర నిలబడినా ముందు చుట్టూ చేరిన రైతుల చేత చేతులెత్తిస్తాడట. ఎత్తుతున్నారట.

నందీశ్ సంక్రాంతి దాటాక ఆ పని మానేసి, గౌరిబిదనూరు దగ్గర ఇంకొక ఫ్యాక్టరీలో చేరాడు. పోయే ముందు ఫైల్లో అడుగున పెట్టిన కాగితం తీసి, "అమర్చినవారు" అన్నచోట తన పేరు కొట్టేసి ఇంకొక పేరు రాశాడు. దాన్ని ఎవరూ చూడరని తెలుసు. చూసినా ఆ గడికి మార్కులు లేవు. క్షమించమని అడగడం మాత్రం మిగిలిపోయింది. అడగబోయిన ప్రతిసారీ ఆ మనిషి ఏదో ఒకటి పట్టుకోమనేవాడు, లేకపోతే పక్కకి జరగమనేవాడు.

చివరిసారి ఆయన కనపడింది చింతామణి బస్టాండులో, ఒక ఆదివారం. సామాను సంచి ఒళ్ళో పెట్టుకుని కదులుతున్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఈసారి విడిచిపెట్టకూడదని నందీశ్ పరిగెత్తి బస్సు ఫుట్‌బోర్డు ఎక్కి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, సగం ఒళ్ళు బయట వేలాడుతుండగానే గాలికి గట్టిగా అరిచాడు.

"మునివెంకటప్పా! ఆ బోర్డు విషయంలో నేను నీకు చాలా అన్యాయం చేసినానప్పా, నన్ను..."

మునివెంకటప్ప లేచి వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఆ మాట సీట్లో కూచుని చెప్పుదువులే సారూ" అన్నాడు. "ముందు తల లోపలికి పెట్టు, లారీ వస్తాండాది."